ముఖవస్త్రము కడిగిన నీరు

నేడు నేను ప్రసంగింపబోవు విషయమునకు పేరు కొంచెము పొడుగు. పొలములలోను, మిల్లులలోను మిగిలిపోవు పంటవ్యర్థముతో బట్ట చేసి, దానికి సూక్ష్మజీవులను చంపు గుణమును కూర్చి, ఆ బట్టతో ముఖవస్త్రములు, అనగా మాస్కులు, కుట్టినచో మన నేలకును నీటికిని కలుగు మేలెంత, కీడెంత అనునది విచారణ. ఇది రసాయనశాస్త్రజ్ఞులు చెప్పవలసిన మాట గదా, తెలుగు పంతులున కిచ్చట ఏమి పని యని మీలో కొందరికి తోచవచ్చును. ముప్పది యేండ్లకు పైగా మిర్యాలగూడ ప్రాంతమున పిల్లలకు సంధులు, సమాసములు చెప్పినవాడను. సమాసమును విడగొట్టి, ఏ పదము దేనికి విశేషణమో చూపుటయే నా వృత్తి. "సూక్ష్మజీవినాశక వృక్షవ్యర్థ ముఖవస్త్రము" అను దానిని గూడ అట్లే విడగొట్టవలెనని నా కోరిక. వస్త్రము వేరు, వ్యర్థము వేరు, నాశకము వేరు. మూడింటికి మూడు లెక్కలు కలవు. అంగడిలో మాత్రము మూడును కలిపి ఒక్క ధరకు అమ్ముదురు.

నోటికి గుడ్డ కట్టుట లోకమునకు కొత్త గాదు. జైనసాధువులు తమ ఊపిరికి సూక్ష్మప్రాణులు చావకుండుటకై నోటికి పట్టిక కట్టుకొందురు. వైద్యమునందు దీనికి ప్రసిద్ధి తెచ్చినవాడు పినాంగున పుట్టిన వూ లియెన్-తే అను డాక్టరు. 1910, 1911 సంవత్సరములలో మంచూరియాలో ఊపిరితిత్తుల ప్లేగు చెలరేగినపుడు ఆయన పలుచని గుడ్డ పొరల నడుమ దూది నుంచి మూతికి కట్టించెను. ఆ గుడ్డలలో ఏ మందును లేదు. ప్రాణులను కాపాడుటకు ఒకరును, ప్రాణాంతకమును అడ్డుటకు ఒకరును కట్టిన గుడ్డ ఒక్క తీరుననే పనిచేసినది. అడ్డముగా నిలిచినది, అంతియే.

మన కాలపు సంగతి మీకు తెలిసినదే. 2020 మార్చి 11వ తేదీన ప్రపంచ ఆరోగ్యసంస్థ కొవిడ్‌ను విశ్వవ్యాధిగా ప్రకటించినది. మార్చి 25 నుండి దేశమంతయు తలుపులు మూసికొన్నది. ఏప్రిల్ నెలలో సూర్యాపేట పేరు దినదినము వార్తలలో వినబడినది. కూరగాయల అంగడి పరిసరములలో వ్యాధి ప్రాకి, ఆ వీథులకు కంచెలు కట్టిరి. ముఖవస్త్రము లేక బయటికి రారాదని ప్రభుత్వము శాసించినది. పిమ్మట ధరింపనివారికి వేయి రూపాయల జరిమానా వచ్చినది. 2023 మే 5న ఆ అత్యవసరస్థితి ముగిసినదని ప్రపంచ ఆరోగ్యసంస్థయే చెప్పినది. వ్యాధి వార్త ముగిసినది గాని గుడ్డల వార్త ముగియలేదు.

ఏలయన, మనము మందుల దుకాణమున కొన్న నీలిరంగు ముఖవస్త్రము గుడ్డయే కాదు. అది పాలీప్రొపిలీన్ అను ప్లాస్టిక్కును కరగించి, సన్నని పోగులుగా ఊది, అద్దిన మూడు పొరలు. మూడు నాలుగు గ్రాముల బరువు. దాని పుట్టుక రాతినూనెలో, దాని చావు ఎన్నడో ఎవరికిని తెలియదు. ఎండకు పెళుసై, కంటికి కనబడని తునకలై నీటిలో కలియును. ఆ ఒక్క 2020వ సంవత్సరముననే 156 కోట్ల ముఖవస్త్రములు సముద్రములలో చేరియుండవచ్చునని హాంకాంగులోని ఓషన్స్ ఏషియా అను సంస్థ అంచనా వేసినది.

అంత దూరము పోనేల? ఆ యేటి వానకాలమున మా పెరటి ఎరువుగుంటలో రెండు ముఖవస్త్రములను పాతితిని. ఒకటి నా పాతపంచెతో ఇంట కుట్టినది, రెండవది నీలిరంగుది. మరుసటి ఉగాదికి త్రవ్వి చూచితిని. పంచెగుడ్డ పేడలో పేడయై పోయినది. నీలిది కడిగినచో మరల కట్టుకొనవచ్చు ననునట్లున్నది. అయితే పంచెగుడ్డకు చెవుల కొరకు కుట్టిన ఎలాస్టిక్కు త్రాళ్లు రెండును చిన్న పాముపిల్లలవలె అట్లే పడియున్నవి. గుడ్డ ధర్మమేదో, త్రాటి ధర్మమేదో ఆ గుంటయే వేరుచేసి చూపినది. ఎలాస్టిక్కు బదులు నూలునాడా కుట్టించుకొనుడని అప్పటి నుండి అడిగినవారికెల్ల చెప్పుచున్నాను.

ఇంక వ్యర్థపు లెక్క. ప్లాస్టిక్కునకు బదులు మొక్కనారను వాడవలెనని 2020లోనే పలుదేశముల వారు యత్నించిరి. ఫిలిప్పీన్సు ద్వీపములలో అబకా అను అరటిజాతి నారతో ముఖవస్త్రములు చేసిరి. దాని శాస్త్రనామము మూసా టెక్స్‌టైలిస్. (మన మూసీకిని ఈ మూసాకును చుట్టరికము లేదు గాని, ఈ ప్రసంగమున ఇద్దరును వత్తురు.) అది రెండు నెలలలో కుళ్లి మట్టియగునని అచ్చటివారు చెప్పిరి. అబకా పంటయే గాని వ్యర్థము గాదు. నిజముగా వ్యర్థమును చేపట్టినవారు ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండు సాంకేతిక విశ్వవిద్యాలయము వారు. చెరకుపిప్పి నుండి అతిసూక్ష్మమైన నారను తీసి, వైరసంత చిన్న కణములను గూడ పట్టగల వడపోత పొరను సిద్ధపరచిరి.

మనకు చెరకుపిప్పి లేకున్న నేమి? 1967 ఆగస్టు 4న నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిన నాటి నుండి ఎడమకాలువ క్రింద మిర్యాలగూడ, హుజూర్‌నగరు, కోదాడ ప్రాంతములు వరిమాగాణము లైనవి. మిర్యాలగూడ రైసుమిల్లుల పట్టణ మని దేశమెరిగినదే. నూరు కిలోల వడ్లు మరపట్టినచో ఇంచుమించుగా ఇరువది కిలోల ఊక వచ్చును. ఆ ఊకను కాల్చినచో నాలుగు కిలోల బూడిద మిగులును. బూడిదలో నూటికి తొంబది పాళ్లు సిలికా, అనగా ఇసుక జాతి పదార్థము. అయితే ఊకను వ్యర్థమని పిలుచువాడు మా ఊరు చూడనివాడు. ఉప్పుడుబియ్యపు మిల్లులో బాయిలరు మండునది ఊకతోనే, ఇటుకబట్టీ కాలునది ఊకతోనే. దానిని ముఖవస్త్రమునకు మళ్లించినచో బాయిలరున కేమి వేయుదురని అడుగవలెను. బొగ్గు వేసినచో లాభము పోయి నష్టము మిగులును.

నిజముగా వ్యర్థమగుచున్నది వరిగడ్డి. కూలీల చేతికోత నాడు గడ్డి మోపులై వాములకు, వాముల నుండి పశువులకు పోయెడిది. కోతమిషను వచ్చిన పిమ్మట గడ్డి చెల్లాచెదరై పొలముననే పడును. మరుపంటకు తొందరపడి రైతు నిప్పు పెట్టును. ఒక టన్ను గడ్డి కాల్చినచో మూడు కిలోల సన్నని ధూళి, అరువది కిలోల కార్బన్ మోనాక్సైడు వెలువడును, ఐదు కిలోలకు మించిన నత్రజని నేలకు దక్కకుండ పోవును. పత్తికట్టె మరియొకటి. నల్లగొండ సీమ బత్తాయి తోటలకు పేరు పొందినది గావున రసము తీయు దుకాణముల ముందటి తొక్కల కుప్ప వేరొకటి. ఇవి కాల్చుటకు, కుళ్లుటకు తప్ప నేడు వేరు గతి లేనివి; వీనితో బట్ట నేయగలిగినచో ఎవరి కూటిలోను మన్ను పోయదు.

ఇచ్చట చిన్న గణితము చేయుదము. టన్ను వరిగడ్డిలో పనికివచ్చు నార మూడువందల కిలోలనుకొందము. ముఖవస్త్రము పదునైదు గ్రాములు. అనగా టన్నున కిరువదివేల ముఖవస్త్రములు. లక్షజనము గల పట్టణమున కంతకును మనిషి కొకటి చొప్పున కుట్టుటకు ఐదు టన్నులు, అనగా రెండు మూడెకరముల గడ్డి చాలును. మిగిలిన వేలాది యెకరముల మాటేమి? ముఖవస్త్రము వలన గడ్డి తగులబెట్టుట మానునని చెప్పువారి మాటను నమ్మరాదు. అది గడ్డి సమస్యకు మందు గాదు. గడ్డి దానికి ముడిసరుకు, అంతమాత్రమే.

మరియొక చిక్కు కలదు. గడ్డి నుండి మెత్తని నార ఊరక రాదు. కాస్టిక్ సోడాలో ఉడికించి, నార నంటియున్న జిగురు పదార్థమును కరగించి, తెల్లబరచవలెను. ఉడికించిన నీరు కాటుకవలె నల్లనిది. దానిని శుద్ధి చేయక వాగులో వదలినచో నీటిలోని ప్రాణవాయువును హరించి చేపలను తేల్చును. వెదురు బట్ట యని అమ్ముదురు గదా! అందు చాలవరకు వెదురును కార్బన్ డైసల్ఫైడు అను విషద్రవ్యముతో కరగించి తీసిన రేయాను. దానిని వెదురని పిలిచి, సహజముగానే సూక్ష్మజీవులను చంపునని ప్రకటించిన నాలుగు వ్యాపారసంస్థలపై 2009లో అమెరికా వాణిజ్య నియంత్రణసంఘము అభియోగము తెచ్చినది. చెట్టు పేరు చెప్పి కాయ లమ్ముకొనుట అన్ని దేశములలోను కలదు.

మూడవది నాశకపు లెక్క. దీనిని గురించియే నేను ముఖ్యముగా చెప్పవలసియున్నది.

నా వద్ద చదువుకొన్న అమ్మాయి యొకతె కోదాడలో కాపురమున్నది. మహిళాసంఘమువారితో గూడి 2020లో వేలకొలది ముఖవస్త్రములు కుట్టినది. ఒకనాడు వచ్చి, "సారూ, మా గుడ్డను వేపాకు, దానిమ్మతొక్కల కషాయంలో నానబెడుతున్నం. సంచి మీద ఇంగ్లీషులో 'యాంటీ మైక్రోబియల్' అని వేస్తున్నరు అందరు. మీరు దానికి మంచి తెలుగుమాట రాసియ్యాలె" అని అడిగినది. సూక్ష్మజీవినాశకమని వ్రాయుటకు నాకు నిమిషము పట్టదు. కాని, "బిడ్డా, ఏ సూక్ష్మజీవిని, ఎన్నిమార్లు ఉతికినదాక, చంపి యెక్కడికి పోవును?" అని అడిగితిని. మొదటి రెండు ప్రశ్నలకు ఆమె నవ్వి, "మూడో ఉతుకుకే వాసన పోతది సారూ" అన్నది. మూడవ ప్రశ్నకు నేలను చూచినది. నేనును నేలనే చూచితిని. జవాబు అచ్చటనే యున్నది.

బట్టకు నాశకగుణము రెండు విధముల వచ్చును. ఒకటి లోహము వలన, రెండవది చెట్టుసరుకు వలన. లోహములలో వెండి, రాగి ప్రధానములు. రాగిచెంబులో నీరు త్రాగిన జాతికి రాగి మీద గౌరవ ముండుట సహజము. హైదరాబాదులోని ఏ.ఆర్.సి.ఐ. అను పరిశోధనకేంద్రము వారు సి.సి.ఎం.బి. వారితోను, బెంగుళూరులోని ఒక రసాయనసంస్థతోను గూడి, నూలుగుడ్డకు రాగిసంబంధమైన నానోకణములను పూసి, తనంతట తానే శుద్ధియగు ముఖవస్త్రమును సిద్ధపరచితిమని 2022లో ప్రకటించిరి. వైరసును నూటికి 99.9 వంతు నశింపజేయుననియు, పూత గుడ్డను గట్టిగా అంటియుండుననియు చెప్పిరి. మన సీమలో జరిగిన గట్టి పని యది; మెచ్చుకొనదగినది. గుడ్డ నూలుది గావున కుళ్లును. అయితే గుడ్డ కుళ్లిన నాడు రాగి ఏమగును? రాగి కుళ్లదు. ఉతికినపుడు కొంత, కుళ్లినపుడు మిగిలినదియు నేలకో నీటికో చేరును. చెరువుపాచిని చంపుటకు మయిలుతుత్తము చల్లుట మీరెరుగుదురు. లీటరు నీటిలో మిల్లీగ్రామునకు ఎంతో తక్కువ పాలు కరగిన రాగియే చేపపిల్లలకును, వాని మేతయైన సూక్ష్మప్రాణులకును గొంతు పట్టును.

వెండి సంగతి ఇంకను స్పష్టము. వెండి నానోకణములు గల మేజోళ్లను అమెరికాలోని ఆరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు నీటిలో ఉతికి చూచి 2008లో ఫలితములను ప్రకటించిరి. కొన్నింటి వెండి నాలుగు ఉతుకులలోనే దాదాపుగా అంతయు పోయినది. కొన్నింటిది అంతగా పోలేదు. అనగా అంటించిన తీరును బట్టి యున్నది. నాలుగు ఉతుకుల పిమ్మట కొనినవానికి మిగిలినది వట్టి మేజోడు. మోరికి దక్కినది వెండి.

ఆ మోరి యెక్కడికి పోవును? సూర్యాపేటవారికి చెప్పనక్కరలేదు. అనంతగిరి కొండలలో పుట్టి, భాగ్యనగరము నడుమగా ప్రవహించి, సోలిపేట ఆనకట్ట దాటి, సుమారు 240 కిలోమీటర్లు నడచి మిర్యాలగూడకు సమీపమున వాడపల్లి వద్ద కృష్ణలో కలియు మూసీ మనది. పెద్దలు ముచికుంద యనిరి. నేను వాడపల్లి సంగమమున స్నానము చేసిన రోజులు కలవు. ఇప్పుడు ముక్కు మూసికొని పై నుండి నమస్కరించుచున్నాను. 2007లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞులు పటాన్‌చెరువు శుద్ధికేంద్రము నుండి వెలువడు నీటిని పరీక్షించిరి. సిప్రోఫ్లాక్ససిన్ అను మందు లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు కనబడినది. ఆ మందు మ్రింగిన రోగి నెత్తురులో నుండు పాలుకంటె అది యెక్కువ! ఆ కేంద్రపు నీటిని పిమ్మట గొట్టము ద్వారా అంబర్‌పేటకు, అనగా మూసీ దారికి, మళ్లించిరి. మందు నిండిన నీటిలో మందునకు లొంగని బాక్టీరియా బలియును. లోహము కలిసినచో ఆ మొండితనము మరింత పెరుగునని శాస్త్రజ్ఞుల మాట. లోహమును సైచు గుణమును, మందును సైచు గుణమును ఒక్క సూక్ష్మజీవిలో తరచు జంటగా నుండును. ఇట్టి నదిలోనికి మన మూతిగుడ్డ కడిగిన నీటిని గూడ నాశకము చేసి పంపవలెనా యనునదే నా ప్రశ్న.

సూక్ష్మజీవులన్నియు శత్రువులను భావమును వదలుకొనవలెను. మన భీమవరమున 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకు నాయకత్వము వహించిన కాలముననే, 1948లో, ఆరియోమైసిన్ లోకమునకు తెలిసినది. దానిని కనుగొన్న డుగ్గరు పండితుడు దేని నుండి తీసెను? మిస్సోరి రాష్ట్రపు పొలపుమట్టిలోని ఒక సూక్ష్మజీవి నుండి. రోగమును చంపు మందును ఇచ్చినదియు సూక్ష్మజీవియే. మా పెరటిగుంటలో నా పంచెను మట్టిచేసినదియు వాని తోబుట్టువులే. అవి చచ్చిన నేలలో ఏ గుడ్డయు కుళ్లదు. కుళ్లవలెనని గడ్డితో గుడ్డ చేసి, కుళ్లింపవలసినదానిని చంపు మందు దానికే పూయుట తర్కమునకు నిలువదు.

చెట్టుసరుకు మేలు గదా యందురు. కొంతవరకు మేలే. దానిమ్మతొక్క, కరక్కాయ, ఉల్లిపొట్టు మొదలగువానిలో వగరుపదార్థము కలదు. అది బాక్టీరియాను అణచును. వేపలోని చేదు ఎండ తగిలిన కొన్నిదినములలో విరిగిపోవును. తనపని తీరగానే నశించు మందు ఇది. అయినను చెట్టుమందు గదా యని చేప నమ్మదు. మంగకాయ దంచి కుంటలో కలిపి చేపలను తేలగొట్టు నాటుపద్ధతి ఎరిగినవారికి ఈ మాట తెలియును. కషాయపు కుండను ఒక్కమారుగా వాగులో కుమ్మరింపక చెట్టుపాదులలో పోయవలెను. ఇంతకంటె ముఖ్యము, ఆ వగరును గుడ్డకు పట్టించుటకు వాడు కారము. మన కలంకారీవారు కరక్కాయకు తోడు పటికను వాడుదురు. కొందరు రంగు గట్టిపడుటకు మయిలుతుత్తమో, క్రోమియపు ఉప్పో వేయుదురు. అప్పుడు దానిమ్మతొక్క పేరు చెప్పి విషలోహమును అమ్మినట్లగును.

అన్నింటికిని మించి ఒక ప్రశ్న కలదు. ఈ నాశకము అవసరమా? ముఖవస్త్రము తుంపరను ఆపునది నేత చిక్కదనము వలన, పొరల వలన, ముక్కు ప్రక్క సందు లేకుండ అమరుట వలన. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020 జూనులో మూడు పొరల గుడ్డను సూచించినది. కరోనా వైరసు పైతొడుగు క్రొవ్వుపొర గావున సబ్బునురుగు దానిని చీల్చును. నాశకపు పూత గల గుడ్డను తరచు ఉతుకనక్కరలేదు, నీరు, సబ్బు మిగులునని దాని పక్షమువారు చెప్పు మాటలో న్యాయము లేకపోలేదు; చలిదేశమున అది సాగవచ్చును. రోహిణికార్తె ఎండకు రోళ్లు పగులు సూర్యాపేటలో పూటలోపల చెమటకు తడిసిన గుడ్డను ఉతుకక మరునాడు కట్టువాడెవడు? ఉతుకుట తప్పనపుడు పూత దండుగ.

అందుచేత కోదాడ అమ్మాయికి నేను వ్రాసియిచ్చిన మాటలివి: "నూలుగుడ్డ, మూడు పొరలు, నూలునాడా. దినమున కొకమారు సబ్బుతో ఉతికి ఎండవేయుడు. చినిగిన పిమ్మట ఎరువుగుంటలో వేయవచ్చును." సంచిపై ఇంత వ్రాసినచో ఎవరు కొందురని ఆమె సందేహించినది. కొన్నవారు కొన్నారు. గడ్డినార కొరకు కాచుకొనక, దర్జీ దుకాణములలో ఊడ్చిపారవేయు నూలుముక్కలను ఆమె పోగుచేయసాగినది. చూచితిరా, మొక్కవ్యర్థమనగా అదియు మొక్కవ్యర్థమే! కిలో పత్తికి లోకమున సగటున పదివేల లీటర్ల నీరు పట్టునందురు. ఆ నీరు ఆ ముక్కలకు ముందే వ్యయమైనది, కాస్టిక్ సోడాతో పని లేదు, కత్తెర చాలును.

ఒక్కచోట మాత్రము నా గుడ్డవాదము చెల్లదు. మిల్లులో ఊకదుమ్ము నడుమ బస్తాలు మోయు హమాలీలు, బూడిదగుంటలో దిగు పనివారు తువ్వాలుతో మూతి చుట్టుకొనుట నేడును చూచుచున్నాను. ఊకబూడిదలోని సిలికా మిక్కిలి వేడికి గాజుపలుకువలె స్ఫటికమైనచో ఊపిరితిత్తులను కోయును. దానిని ఆపుటకు నూలుగుడ్డ చాలదు, వేపకషాయమును చాలదు. వారికి ఎన్-95 రకపు గట్టి వడపోత గలదే కావలెను. అది ప్లాస్టిక్కే యైనను కావలెను. కొని యిచ్చుట మిల్లు యజమానుని పని. వాడినవానిని లెక్కపెట్టి తిరిగి పుచ్చుకొని, కాలువగట్టున పడకుండ, పురపాలకసంఘపు బండికి వేరుగా అప్పగించుటయు ఆయన పనియే.